గుమ్మానికో పొట్లకాయ

ఆదివారం. లోపల పదమూడు, బయట ఐదు.

మా నీలవేణి తొలి కాన్పుకి మా ఇంటికే వస్తోంది!

వియ్యపురాలు కనకవల్లి గారు ఫోన్లో ఆ మాట అనగానే నేను చేసిన మొదటి పని వీధి తలుపు బార్లా తీసి అరవడం. నెత్తిన కోతిటోపీ లేదు, ఒంటిమీద శాలువా లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళకి కూతురు పురిటికి వస్తుంటే చలి ఎవడికి గుర్తుంటుంది? "మా అమ్మాయి వస్తోందర్రా!" అని వీధి ఆ చివరకి వినిపించేలా అరిచాను. వినడానికి వీధిలో ఎవరున్నారు గనక? ఒక కుక్క ఉంది. అది బూడిదగుంటలోంచి తలెత్తి నన్ను చూసి, వీడి సంగతి తెలిసిందే కదా అన్నట్టు మళ్ళీ ముడుచుకుంది.

వెనకనుంచి మా ఆవిడ వరహాలమ్మ కేకేసింది. "తలుపేసి అరవండి! పొద్దుట్నుంచీ కూడబెట్టిన వేడంతా వీధిలో పారబోస్తన్నారు."

తలుపేసి మళ్ళీ అరిచాను.

ఈ వేడి పుస్తకంలో వార్డు ఆఫీసువాళ్ళు రాయమన్నది రోజూ రెండు అంకెలే, ఇంట్లో ఎన్ని డిగ్రీలు, బయట ఎన్ని. కానీ పక్కన ఇంతింత ఖాళీ వదిలారు. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడి ముందు ఖాళీ కాగితం పెడితే ఊరుకుంటాడా? ఇక మీదట అంతా రాస్తాను. ఆఫీసువాళ్ళు చదివితే చదవనీ, వాళ్ళకీ సంతోషం కావాలి కదా.

వాళ్ళకి తెలియకపోతే నా పేరు పేరయ్య. లంకపాలెంలో ఫ్యాన్ల పేరయ్య అంటేనే తెలుస్తుంది. కాలిపోయిన ఫ్యాను మోటార్లకి రాగితీగ చుట్టి బతికినవాణ్ణి. ఎండలు మరీ మండిపోతున్నాయని పైన ఆకాశానికి పరదా కట్టారు చూడండి, కట్టినవాళ్ళు కాస్త దట్టంగా కట్టేశారు. దాంతో నా పని అయిపోయింది. పరదా పల్చబడుతుంది, పల్చబడుతుంది అంటే నమ్మి, పాత ఫ్యాన్లన్నీ అటక మీద దాచాను. ఇరవై ఏళ్ళు దాటింది. అటక వంగింది గానీ పరదా పల్చబడలేదు.

మంగళవారం. లోపల పన్నెండు, బయట నాలుగు.

వార్డు నర్సు రూపవతి ఇల్లు చూడ్డానికి వచ్చింది. సంగతి ఏమిటంటే, పురిటిగది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా పద్దెనిమిది డిగ్రీలకి తగ్గకూడదు. తగ్గే ఇల్లయితే నీలవేణిని కాన్పుల శిబిరానికి తీసుకుపోతారు. అక్కడ డాక్టర్లున్నారు, వేడి ఉంది, అన్నీ ఉన్నాయి. దాని తల్లిని మాత్రం లోపలికి రానివ్వరు, వేడి మనిషికింతని లెక్కకట్టి ఇస్తారు గనక. కనకవల్లి గారుండే కొత్త బ్లాకులోనూ అంతే, వేడి కార్డులో పేరున్నవాళ్ళే ఇంట్లో ఉండాలి.

నీలవేణికి ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. రెండుసార్లూ వాళ్ళమ్మ పక్కన లేదు. ఈసారి మాత్రం, "అమ్మ చెయ్యి పట్టుకునే కంటాను" అని పట్టుపట్టింది. అందుకని ఈ ఇల్లు నెగ్గాలి.

రూపవతి ఊదుబత్తి వెలిగించి గుమ్మం గుమ్మానికీ తిరిగింది. గాలి లేనిచోట పొగ నిటారుగా పైకి పోవాలట. మా ఇంట్లో పొగ పడుకుంది. వీధి గుమ్మం దగ్గర పడుకుంది, పెరటి గుమ్మం దగ్గర పడుకుంది, మధ్య గదిలో అయితే పరుగెత్తింది. పొగ పడుకున్న ప్రతిచోటా ఆవిడ సుద్దతో ఇంటూ గుర్తు పెట్టింది. ఆఖరికి ఇల్లంతా నా ఏడో తరగతి లెక్కల కాగితంలా తయారైంది.

"బాబాయ్ గారూ, ఈ ఇల్లెవరు కట్టారండీ?" అంది.

"నేనేనమ్మా, దగ్గరుండి కట్టించాను."

ఆవిడ తల పక్కకి తిప్పుకుని ఇంకో గుర్తు పెట్టింది. మంచి పిల్ల. మేస్త్రి ఒక కిటికీ చాలన్నచోట మూడు పెట్టించిన ఘనుణ్ణి నేను. ప్రతి తలుపు మీదా వెంటిలేటరు. వీధి తలుపూ పెరటి తలుపూ ఎదురెదురు, గాలి ఇటు దూరి అటు పోవాలని. గృహప్రవేశం నాడు చుట్టాలందరినీ మధ్యలో నిలబెట్టి, "చూశారా, పంచెలు ఎలా ఎగురుతున్నాయో!" అని చూపించుకున్నాను కూడా.

ఇదంతా పక్కింటి పిల్లలు మిహిర, అర్క చూస్తూ కూర్చున్నారు. వాళ్ళమ్మ ఝాన్సీ ఊకబిళ్ళల మిల్లుకి పోతూ పిల్లల్ని మా ఇంట్లో దింపి, వాళ్ళ హీటరు ఆపేస్తుంది. మా వీధిలో అన్నీ ఇలా జంట ఇళ్ళే, పగలు రెండు కార్డుల వేడి ఒకే ఇంట్లో వాడుకుంటాం. ఈ కాలం పిల్లలకి అన్నీ సూర్యుడి పేర్లే. ఎవరూ ఆయన్ని సరిగ్గా చూసి ఎరగరు.

"తాతగారూ, ఈ కన్నాలన్నీ ఎలకలు పెట్టాయాండీ?" అంది మిహిర. దానికి పదేళ్ళు.

"ఎలకలు కాదమ్మా, నేనే. కూలిచ్చి పెట్టించాను."

"ఎందుకండీ?"

"గాలి రావాలని."

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరేళ్ళ అర్కగాడు పైన ఫ్యాను చూపించి, "మరి అదేంటండీ?" అన్నాడు.

"అది గాలి చేసే మెషీను."

"గాలి బయట ఊరికే ఉంది కదండీ?"

నలభై ఏళ్ళ నా వృత్తిని వాడు ఒక్క మాటలో తేల్చేశాడు.

వచ్చే వారం బుధవారం మళ్ళీ వస్తానని రూపవతి వెళ్ళిపోయింది. "ముందు గుమ్మాల కింద సందులు మూయండి బాబాయ్ గారూ, సగం వేడి అక్కడే పోతోంది" అని చెప్పింది.

బుధవారం. లోపల పన్నెండు, బయట మూడు.

ఈ రోజు నేనూ పిల్లలూ కలిసి మొదటి గుమ్మం దిండు కుట్టాం. కుట్టాం అనడం కొంచెం ఎక్కువ.

నా ఖాకీ పంట్లాం కాలు ఒకటి కోసి, అందులో ఊక కూరి, రెండు వైపులా కుట్టేస్తే గుమ్మం కింద అడ్డంగా పెట్టుకోవచ్చని నా ఆలోచన. వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టినవాడికి దారంతో కుట్టడం ఒక లెక్కా అనుకున్నాను. మిహిర పట్టుకుంది, అర్క ఊక పోశాడు, నేను కుట్టాను. గర్వంగా ఎత్తి భుజానేసుకుని వీధి గుమ్మం దాకా నడిచాను. చేరేసరికి భుజం మీద ఖాళీ పంట్లాం కాలు ఉంది. నా వెనక వంటింటి దాకా ఊక ధార.

వరహాలమ్మ బయటికొచ్చి చూసింది. "ఏంటండీ, కోళ్ళు పెంచుతారా ఇంట్లో?"

"కుట్టు కాస్త వదులైంది."

"కుట్టుందా అసలు?"

మిహిర నా చేతిలోంచి సూది తీసుకుంది. అప్పటినుంచి నా ఉద్యోగం ఊక ఎత్తడం.

సాయంత్రానికి ఒక దిండు తయారైంది, ఈసారి ఊక కారలేదు. అర్క దానికి గుండీలతో రెండు కళ్ళు పెట్టి, ఎర్రగుడ్డతో నాలుక కూడా తగిలించాడు. బ్రహ్మాండంగా ఉంది. గుమ్మంలో పెట్టి చప్పట్లు కొట్టుకుంటుంటే వరహాలమ్మ కెవ్వుమంది.

"కడుపుతో ఉన్న పిల్ల గుమ్మం దాటి వస్తే కాళ్ళ కింద పామా? తీసెయ్యండి ముందు!"

అర్కగాడికి ఏడుపు తన్నుకొచ్చింది. మిహిర నడుం మీద చెయ్యి వేసుకుని, "మరి ఇంత పొడుగ్గా ఉండేది ఇంకేముంటాదండీ మామ్మగారూ, పాము కాకుండా?" అని నిలదీసింది.

మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "పొట్లకాయ" అంది.

అదేమిటో పిల్లలకి తెలీదు. చలికి పాదులు పోయాయి కదా, ఎక్కడ చూస్తారు? వరహాలమ్మ పీట వాల్చుకు కూర్చుంది. పందిరి మీంచి వేలాడే పొట్లకాయలు, ఆకుపచ్చ మీద తెల్లటి చారలు, వంకర పోకుండా కొసకి రాయి కట్టి వదలడం, పాలు పోసి వండిన కూర, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్ళు మూసుకుంది. నాకూ నోరూరింది. ఆవిడ లేచి పెట్టె తీసి, తెల్లచారల ఆకుపచ్చ నేతచీర తెచ్చి కత్తెరతో సహా మిహిర ఒళ్ళో పెట్టింది. అది నీలవేణి పుట్టినప్పటి చీర.

కళ్ళూ నాలుకా ఊడాయి. నాలుక ఉండాల్సిన కొసకి అర్క ఒక గులకరాయి కట్టాడు. ఆ బరువుకి దిండు గుమ్మానికి అతుక్కుని కూర్చుంది. ఇప్పుడు మా ఇంట్లో దిండు అనేవాడు లేడు, అందరికీ పొట్లకాయే.

శనివారం. లోపల పధ్నాలుగు, బయట మూడు.

పొట్లకాయల పంట జోరుగా ఉంది! వీధి గుమ్మానికి ఒకటి, పెరటి గుమ్మానికి ఒకటి, పురిటిగదికి రెండు, కిటికీల కింద చిన్నవి. కాలవ మీద పొద్దున్న మీగడలా పొగమంచు పేరుకున్నా మా ఇంట్లో డిగ్రీలు ఎక్కుతున్నాయి. నీలవేణికి ఫోన్ చేసి రోజుకి పదిసార్లు చెబుతుంటే, "నాన్నా, పురుడు నాకా పొట్లకాయలకా?" అంది. నవ్వుతోంది. అది నవ్వి ఎన్నాళ్ళయిందో. ఫోన్ పెట్టేశాక నేను ఊక ఎత్తే నెపం మీద కాసేపు వంగే ఉన్నాను.

ఝాన్సీ మిల్లునుంచి తెచ్చే ఊక మధ్యాహ్నానికే అయిపోయింది. ఊక పొయ్యిలోకి కావాలి, బస్తాల కొద్దీ అడిగితే ఎవరిస్తారు? స్నానాలగది గుమ్మం ఒకటే మిగిలిపోయింది. అర్క తాను ఒక్కడే చేస్తానని సంచీ తీసుకుని వంటింట్లోకి పోయాడు. కాసేపటికి నిండు పొట్లకాయతో వచ్చాడు. బరువుగా, గట్టిగా, అన్నిటికన్నా బాగా ఉంది. "ఊక ఎక్కడిదిరా?" అని అడగలేదు. అడగాల్సింది.

సోమవారం. లోపల పదిహేను, బయట నాలుగు.

పొద్దున్నే స్నానానికి వెళ్ళాను. వేన్నీళ్ళు పోసుకున్నాను. పంచె కట్టుకుని తలుపు తోశాను. తలుపు రాలేదు.

రెండు రోజులుగా గుమ్మం దాటి చిందిన నీళ్ళన్నీ అర్కగాడి పొట్లకాయ తాగింది. అది మా రోలంత లావు ఉబ్బి, తలుపుకీ ఎదుటి గోడకీ మధ్య మేకులా దిగబడింది. అవతలనుంచి పుల్లటి వాసన.

"వరహాలూ!"

"ఏంటి?"

"తలుపు రావట్లేదే!"

తర్వాత ఆవిడ గొంతు, చాలా నెమ్మదిగా, "అర్కా, నువ్విందులో ఏం కూరావు నాన్నా?"

"పెద్ద డబ్బాలో ఇడ్లీరవ్వండీ. చిన్న డబ్బాలో మినపగుళ్ళండీ. అది చాల్లేదండి, అందుకని రెండూ కలిపానండి."

ఇక ఆవిడ నవ్వు మొదలెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది, కూర్చుని నవ్వింది. "ఇన్నాళ్ళూ మీరు మింగిన ఇడ్లీలన్నీ కలిసి పగ తీర్చుకున్నాయండీ!" అంటూ నవ్వింది. నేను లోపల తడి పంచెతో వణుకుదామని చూశాను. ఆశ్చర్యం, వణుకు రాలేదు. ఆ గదిలో చలే లేదు! ఒక్క సందు కూడా మిగలకపోతే ఇంత వెచ్చగా ఉంటుందన్నమాట అని, బకెట్టు బోర్లించి కూర్చున్న నాకు అప్పుడు తోచింది. స్నానాలగదుల్లో తోచే ఆలోచనలు అక్కడే వదిలేసి రావాలి. నేను వెంట తెచ్చుకున్నాను.

ఝాన్సీ వచ్చి గునపంతో పొట్లకాయని పొడిచి నన్ను విడిపించాక, మైదాపిండి ఉడికించి జిగురు చేయమన్నాను. పాత కాగితాలు పొరల మీద పొరలు అంటించి వెంటిలేటర్లన్నీ మూసేశాం. కిటికీ రెక్కల సందులు మూసేశాం. వంటింటి తూముకి గుడ్డ కుక్కాం. తాళంచెవి కన్నంలో కూడా అర్క మైదాముద్ద పెట్టాడు. సుద్ద గుర్తు ఉన్నచోటల్లా జిగురు, లేనిచోట కూడా జిగురు. పిల్లలకీ నాకూ చేతులు కడిగినా వదల్లేదు. రాత్రి అన్నంలో కూడా మైదా రుచే.

బుధవారం. లోపల పంతొమ్మిది, బయట మూడు.

పంతొమ్మిది! పొద్దున్న ఆ అంకె రెండుసార్లు దిద్ది రాశాను.

కింది మాటలు సాయంత్రం రాస్తున్నాను.

బాలింతరాలి మంచం కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి పొగ వేయడం మా ఇళ్ళలో ఆనవాయితీ. పరీక్ష రోజున గది ఇంకా వెచ్చగా ఉండాలని పొద్దున్నే కుంపటి నిండా బొగ్గులు రాజేసి మంచం కింద పెట్టాను. మధ్యాహ్నం రూపవతి వచ్చేసరికి పిల్లలు ఆ గదిలోనే ఆడుకుంటున్నారు. అర్క బాలీసుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. తల దిమ్ముగా ఉందని వరహాలమ్మ కూడా పొద్దుట్నుంచీ అంటూనే ఉంది. నీ తలకి వెచ్చదనం అలవాటు లేదులే అన్నాను.

రూపవతి ఊదుబత్తి వెలిగించింది. పొగ తాడు కట్టినట్టు నిటారుగా లేచింది. ఒక్క వంకర లేదు. నేను చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ.

"చూశావా అమ్మా!"

ఆవిడ చూస్తూనే ఉంది. పొగ పైకప్పు దాకా పోయి అక్కడే గుమిగూడింది. ఎటూ కదల్లేదు. ఆవిడ కళ్ళు పైనుంచి కిందికి దిగాయి, మంచం కింద కుంపటి మీద పడ్డాయి, తర్వాత అర్క మీద. ఊదుబత్తి విసిరేసి వాణ్ణి కుదిపింది. వాడు కళ్ళు తెరవలేదు.

ఆవిడ కాలితో పొట్లకాయని ఒక్క తాపు తన్ని, తలుపు లాగి, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. "అందరూ బయటికి రండి! కుంపటి బయటికి లాగండి!" అని కేకలేసింది. ఆ చలిలో వాడి చొక్కా గుండీలు తీసేసి మొహాన నీళ్ళు కొట్టింది. వాడు దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. మళ్ళీ దగ్గి, ఏడుపు లంకించుకున్నాడు. ఏ పిల్లవాడి ఏడుపూ నాకు అంత తియ్యగా వినిపించలేదు.

అప్పుడు ఆవిడ నావైపు తిరిగింది. "బాబాయ్ గారూ, నేను గాలి ఆపమన్నానా, ఊపిరి ఆపమన్నానా? బొగ్గుల పొగ కంటికి కనిపించదండీ. ఇందులో పసిబిడ్డని పెడతారా?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. అర్క కాసేపటికి తేరుకుని జంతికలు కావాలన్నాడు. వరహాలమ్మ డబ్బా మొత్తం తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. సాయంత్రం ఝాన్సీకి చెప్పాను, అంతా, ఏదీ దాచకుండా. ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం నీలవేణి కోసం శిబిరం వ్యాను వస్తుందట. శుక్రవారం రాత్రికి తనంతట తానే డిగ్రీలు రాసుకునే డబ్బా గోడకి తగిలిస్తానని, అదే ఆఖరి అవకాశమని రూపవతి చెప్పి వెళ్ళింది. కుంపటి గడప దాటకూడదు, వెంటిలేటరు తెరిచే ఉంచాలి, అయినా పద్దెనిమిది ఉండాలి. "గాలి నడవాలి బాబాయ్ గారూ, పరుగెత్తకూడదు, ఆగకూడదు" అంది.

గురువారం. లోపల పదమూడు, బయట మూడు.

రాత్రంతా తలుపులు తీసే పడుకున్నాం. నీలవేణికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"పిల్లాడు బాగానే ఉన్నాడా నాన్నా?"

"జంతికలు అయిపోయాయమ్మా."

"ఆ శిబిరంలో అమ్మ నాకు అద్దంలోంచి కనిపిస్తుందంట నాన్నా. అద్దంలోంచి."

సరేనమ్మా, చూద్దామమ్మా అని ఫోన్ పెట్టేశాను.

ఝాన్సీ పిల్లల్ని మళ్ళీ తెచ్చి దింపింది. గుమ్మంలో నిలబడి, "మీరు కావాలని చేశారేటండీ బాబాయ్ గారూ. కుంపటి మాత్రం నా కంటికి కనపడకూడదు" అంది. ఆవిడ వెళ్ళాక పిల్లలూ నేనూ జిగురు గీకడం మొదలెట్టాం. రెండు రోజులు అంటించిన కాగితాలు గోరువెచ్చటి నీళ్ళతో తడిపి గీకాం. వంటింటి గుమ్మం పొట్లకాయలోంచి ఊక తీసేసి కొబ్బరిపీచు వదులుగా కూరమంది మిహిర. అప్పుడు గాలి పొయ్యి పక్కనుంచి వేడెక్కి, పీచులోంచి మెల్లగా పాకి వస్తుందట. పొగ పెట్టి చూశాం. నిజంగానే పొగ నడిచింది, వెంటిలేటరు దాకా నడిచి బయటికి పోయింది. గాలి సంగతి కుదిరింది. డిగ్రీలు మాత్రం పడిపోయాయి. నలభై ఏళ్ళు గాలి అమ్మినవాడికి వేడి ఎలా పుట్టించాలో తెలీదు.

సాయంత్రం మిహిర గోడ మీది డిగ్రీలు చదివి చెప్పింది, నా కళ్ళజోడుకి అవి ఆనవు. "పదహారండీ." తర్వాత వాళ్ళమ్మ వచ్చింది, చెప్పులు వేసుకుంటూ మిహిర అలవాటుగా అడిగింది.

"తాతగారూ, రోజూ మేం ఇంటికెళ్ళిపోగానే మీ డిగ్రీ ఎందుకు పడిపోద్దండీ?"

"పొద్దుగూకుతుంది కదమ్మా."

"కాదండీ. మొన్న మేం మధ్యాహ్నమే వెళ్ళిపోయాం కదా, అప్పుడూ పడిపోయింది. మామ్మగారు చెప్పారు."

నేను దాని మొహం చూశాను. ముక్కు చీదుతూ, మంకీక్యాపులో బుగ్గలు ఎర్రగా, పొయ్యి మీంచి దింపిన కుడుములా నిలబడి ఉంది. దాని తల మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది! దాని తమ్ముణ్ణీ, వాళ్ళమ్మనీ వరసగా ముట్టుకుని చూశాను. అందరూ వెచ్చగా ఉన్నారు. ఝాన్సీ కంగారుపడి, "మామ్మగారూ, బాబాయ్ గారికి కూడా పొగ పట్టిందేమో చూడండి" అంది.

మళ్ళీ వీధి తలుపు బార్లా తీసి అరిచాను.

శుక్రవారం. లోపల పదమూడు, బయట రెండు.

పొద్దున్నుంచి ఇంటింటికీ తిరిగాను. నేను అడిగినది వినండి. "రేపు పొద్దున్నదాకా మా ఇంటికొచ్చి ఊరికే కూర్చోండి." అంతే. కొందరు భజనా అన్నారు, కొందరు ఎవరైనా పోయారా అన్నారు. "ఎవరూ పోలేదు, ఒకళ్ళు రావాలి" అన్నాను.

పొద్దుగూకేసరికి వచ్చారు. దుప్పట్లు, పీటలు, ఊతకర్రలతో వచ్చారు. తమ తమ ఇళ్ళ హీటర్లు ఆపేసి వచ్చారు. పురిటిగదికి ఆనుకున్న హాల్లో పంక్తి భోజనానికి కూర్చున్నట్టు వరసలుగా కూర్చున్నారు. ఝాన్సీ అత్తగారు సూరమ్మ పొట్లకాయని ఒళ్ళో పెట్టుకుని, "ఏమే వరహాలూ, చిన్నప్పుడు మన పందిట్లో ఎన్ని కాసేవో" అని మొదలెట్టింది. మా ఆవిడ ఉలవచారు కాచి గ్లాసుల్లో పోసింది. కుంపటి పెరట్లో కాలుతుంటే, ఇటుకలు దాని మీద కాల్చి గోనెగుడ్డలో చుట్టి లోపలికి మోసింది నేనే. ఊక ఎత్తేవాణ్ణి ఇటుకలు మోసేవాడినయ్యాను, పదోన్నతే.

రూపవతి డబ్బా తగిలించింది. ఊదుబత్తి వెలిగించింది. పొగ లేచి, తల వంచి, తొందర లేకుండా వెంటిలేటరు వైపు నడిచిపోయింది. ఆవిడ అంతమంది మనుషుల్ని చూసింది.

"ఇదేంటండీ బాబాయ్ గారూ?"

"హీటర్లమ్మా. మా వీధివి."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

శనివారం. లోపల పంతొమ్మిది, బయట రెండు.

రాత్రి ఒక్కసారి కూడా పద్దెనిమిది కిందికి దిగలేదు! డబ్బా చూసి రూపవతి స్వయంగా చెప్పింది. వ్యాను మా వీధి మలుపులో ఆగి, కనకవల్లి గారింటికి పోకుండానే, ఖాళీగా వెనక్కి పోయింది. షరతు ఒకటే, బిడ్డకి నెల నిండేదాకా హాల్లో పగలూ రాత్రీ ఆరుగురికి తగ్గకుండా మనుషులుండాలి. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళు రాకూడదు.

మధ్యాహ్నం నీలవేణి వచ్చింది. గుమ్మంలో ఆగి, కాళ్ళ దగ్గర చారల పొట్లకాయని చూసి, "అమ్మా, ఇది నీ పచ్చచీర కదే" అంది. వరహాలమ్మ కూతుర్ని పట్టుకుంది. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. తలుపు తెరిచి ఉంది, వేడి పోతోంది. వెయ్యండి అని నేను అనలేదు.

మంగళవారం. లోపల ఇరవై, బయట మూడు.

ఆడపిల్ల! ఆడపిల్ల! పొద్దున్న పదింటికి! తల్లీ బిడ్డా క్షేమం!

నీలవేణి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకునే కన్నది. ఆ చేతి మీద గోళ్ళ గుర్తులున్నాయి. వరహాలమ్మ వాటిని అందరికీ బంగారు గాజులు చూపించినట్టు చూపిస్తోంది. రూపవతి బిడ్డని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అంత చిన్నది, అంత వెచ్చటిది! నేనేదో అనబోయాను, మాట రాలేదు. మాట రాకపోవడం నా జీవితంలో ఇదే మొదలు, హాల్లో ఉన్నవాళ్ళంతా సాక్షులు.

వీధివాళ్ళు రాత్రులు కూర్చుని అలిసిపోయారు, వాళ్ళ ఇళ్ళూ వాళ్ళు చూసుకోవాలి. ఇక చుట్టాలు రావాలి. ఝాన్సీ ఫోన్ పట్టుకుని కూర్చుంది, ఎవరెవరికి చెప్పాలో రాసిస్తున్నాను.

అల్లుడు మోహనరంగకి, అందరికన్నా ముందు. చేపల ఓడ మీద ఉన్నాడు, గాలి హోరులో వినపడదు. ఆడపిల్ల అని మూడుసార్లు అరవాలి.

కనకవల్లి గారికి. ఆవిడ తెల్లవారుజామునుంచి మా హాల్లోనే ముందు వరసలో కూర్చుని ఉంది, బిడ్డ ఏడుపు మాకన్నా ముందు ఆవిడే వింది. అయినా వియ్యాలవారికి మర్యాదగా కబురు చెప్పాలి. నేనే వెళ్ళి ఎదురుగా నిలబడి చెబుతాను.

మా తమ్ముడు సింహాచలానికి. వాడు ముగ్గురి పెట్టు. గోడ పక్కన కాకుండా మధ్యలో కూర్చోబెట్టాలి.

మా పెద్దక్క వీరమ్మకి. చెవులు వినపడవు, ఏడుస్తుంది. ఏడవనివ్వండి, ఆ తర్వాత బండి పంపండి.

వరహాలమ్మ అన్నగారు ఏకాంబరానికి. పరదా కట్టిన ఏడాదినుంచి మాకు మాటల్లేవు, ఎందుకో ఇద్దరికీ గుర్తు లేదు. మేనకోడలికి ఆడపిల్ల పుట్టిందని, ఆయన కోసం పీట వేసే ఉంచామని చెప్పండి.

పినతండ్రి కూతురు తులసికి, ఆమె నలుగురు పిల్లలతో సహా. గోల చేస్తారు. చెయ్యనివ్వండి, గెంతే పిల్లలు ఇంకా వెచ్చగా ఉంటారు.

మేనల్లుడు పట్టాభికి. వాడికి దగ్గుంది, కబురు ఇప్పుడే చెప్పండి, రావడం మాత్రం దగ్గు తగ్గాకే.

ఆఖరున పేరయ్యకి, బిడ్డకి తాత. విన్నాడు, చూశాడు, చేతుల్లోకి కూడా తీసుకున్నాడు. అయినా ఎవరైనా వచ్చి ఇంకొక్కసారి చెప్పండి.